ఎల్డర్‌ఫ్లవర్ కడగొచ్చా? సీసా పేలుతుందా?

మే నెల చివరికి వచ్చేసరికి బ్రిటన్‌లో ఉన్న మనవాళ్ల దగ్గర్నుంచి నాకు ఒకే రకం ఫొటోలు వస్తుంటాయి. కంచె పక్కన తెల్ల పూల పొద, కింద "ఇదేనా అండీ?" అని ఒక ముక్క. అందుకే ఈసారి శీర్షిక మొత్తం ఎల్డర్‌ఫ్లవర్‌కే, అంటే ఎల్డర్ అనే చెట్టు పూలకే ఇచ్చేశాను. ఒకే సంగతి నలుగురు అడిగితే ఒకరి ఉత్తరమే వేశాను, మిగతా ముగ్గురూ కోప్పడకండి.

ప్రశ్న: అక్కా, పిల్లల్ని స్కూల్లో దింపే దారిలో గొడుగుల్లాంటి తెల్ల పూలు బోలెడు ఉన్నాయి. ఆఫీసులో ఒకావిడ ఇంట్లో చేసిన ఎల్డర్‌ఫ్లవర్ కార్డియల్ (పూలు నానబెట్టి చేసే తియ్యటి షర్బత్) ఇస్తే తాగాను, భలే నచ్చింది. ఆ పూలు ఇవేనని ఎలా తెలుస్తుంది? ఏదో విషం పువ్వు కోసుకొస్తానేమోనని టెన్షన్‌గా ఉంది. (రెడింగ్ నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: ఆ టెన్షన్ కొంచెం ఉండనివ్వండి, ఈ విషయంలో అది మంచిదే. మీరు చూసినవి దారి పక్కన నేలలోంచి మెత్తటి ఆకుపచ్చ కాడలతో నడుమెత్తు లేచినవైతే అవి ఎల్డర్ కావు, కౌ పార్స్‌లీ అనే మొక్కలు అయ్యుంటాయి. ఆ కుటుంబంలోదే హెమ్లాక్ అనే విషపు మొక్క కూడా, సోక్రటీసుకి తాగించారని చదువుకున్నామే, అదే. దాని కాడ మీద ఊదారంగు మచ్చలుంటాయి గానీ మచ్చలు వెతుక్కుంటూ కూర్చోవద్దు. మొదట చూడాల్సింది పువ్వు కాదు, చెట్టు. ఎల్డర్ అంటే చెట్టు, లేదా పెద్ద పొద. దానికి కొయ్య ఉండాలి, ముదురు మానుకి బెండులా పగుళ్లు పడిన బెరడు ఉండాలి. కొత్తిమీర ఆకులాగో క్యారట్ ఆకులాగో చీలికలు చీలికలుగా ఆకు కనిపిస్తే అక్కడినుంచి కదిలిపోండి.

ఇక ఆకు చూడండి. కరివేపాకు రెబ్బలా ఒకే ఈనెకి అటూ ఇటూ జతలుగా, చివర ఒకటి, మొత్తం అయిదో ఏడో ఆకులు, అంచుకి రంపపు పళ్లు. రెబ్బలు కొమ్మకి ఎదురెదురుగా పుడతాయి. ఆకు నలిపితే వాసన బాగుండదు. రోవన్ అనే ఇంకో చెట్టుకీ మీగడ రంగు గుత్తులే వస్తాయి గానీ, దాని రెబ్బకి పది దాటి ఆకులుంటాయి, లెక్కపెడితే దొరికిపోతుంది. ఇవన్నీ సరిపోయాక పువ్వు దగ్గరికి రండి. అరచేయంత గుత్తి, పళ్లెంలా చదునుగా, ఒక్కో పువ్వుకి అయిదు చిన్న రేకులు, పసుపు పుప్పొడి. వాసన ద్రాక్షపండుకీ తేనెకీ మధ్యలో ఉంటుంది. పూలు ముదిరిపోతే అదే గుత్తి పిల్లి ఉచ్చ కంపు కొడుతుంది, ఇది నేను సరదాకి అనడం లేదు, ఇంటికి తెచ్చాక తెలిస్తే ఏడుపొస్తుంది.

ఇంకో సంగతి. పువ్వు మంచిదే గానీ ఆ చెట్టు ఆకు, కాడ, బెరడు, పచ్చి కాయ మంచివి కావు. వాటిలో సాంబునిగ్రిన్ అనే పదార్థం ఉంటుంది, ఒంట్లోకి వెళ్లాక సైనైడ్ విడుదల చేస్తుంది. మన కర్రపెండలంలో ఉండేదీ ఆ జాతి విషమే, అందుకే దాన్ని ఉడకబెట్టకుండా తినం. కాబట్టి గుత్తిని కత్తెరతో పూలకి దగ్గరగా కోసి, లావు కాడలన్నీ తీసేయండి. సన్నటి పోగులు నాలుగు మిగిలిపోతే భయపడక్కర్లేదు.

ప్రశ్న: కార్డియల్‌కి కొలతలు కావాలండీ, పంచదార బాగా తగ్గించి చెప్పండి. మా ఇంట్లో ఇద్దరికి షుగరు. పూలు ఎన్నిసార్లు కడగాలి? (మిల్టన్ కీన్స్)

జవాబు: ఒక్కసారి కూడా కడగొద్దు. మొదటి ఏడాది నేనూ మన అలవాటు ప్రకారం ఆకుకూర కడిగినట్టు మూడు నీళ్లు పోసి శుభ్రంగా కడిగాను, చివరికి తయారైంది ఖరీదైన నిమ్మరసం. వాసనంతా ఆ పసుపు పుప్పొడిలోనే ఉంటుంది, నీళ్లు పోస్తే సింకులోకి పోతుంది. వాన పడిన రోజు కూడా కోయకూడదు. రెండు రోజులు పొడిగా ఉన్నాక, ఎండ వచ్చిన పొద్దున, రోడ్డు పొగకి దూరంగా, కుక్కలు కాలెత్తే ఎత్తుకి పైన ఉన్నవి కోసుకురండి. పురుగుల సంగతంటారా, గుత్తిని పట్టుకుని మెల్లగా విదిలించి, ఓ గంట తెల్ల గుడ్డ మీద పరిచి ఉంచితే అవే దిగి వెళ్లిపోతాయి. కాడలకి నల్ల పేనుబంక పట్టిన గుత్తిని మాత్రం కోయకుండా చెట్టుకే వదిలేయండి.

కొలతలు: 25 గుత్తులు, లీటరున్నర నీళ్లు, కిలో పంచదార, మైనం పూయని నిమ్మకాయలు 3, సిట్రిక్ యాసిడ్ 50 గ్రాములు. నీళ్లలో పంచదార వేసి కరిగేదాకా కాచి దించేయండి. పాకం పట్టక్కర్లేదు. గోరువెచ్చగా అయ్యాక నిమ్మ తొక్క పైపసుపు తురిమి వేసి, కాయలు చక్రాలుగా కోసి వేసి, సిట్రిక్ యాసిడ్ కలిపి, చివర్లో పూలు తలకిందులుగా ముంచి, గుడ్డ కప్పి ఒక రోజు వదిలేయండి. మరిగే నీళ్లలో పూలు వేస్తే ఉడికిన ఆకుకూర వాసన వస్తుంది, అక్కడ తొందరపడొద్దు. మర్నాడు పలచటి నూలు గుడ్డలో వడకట్టాలి, పాత పంచె ముక్క ఉంటే దాన్ని మించింది లేదు. ఓవెన్‌లో 120 డిగ్రీల్లో పావుగంట వేడిచేసిన గాజు సీసాల్లో పోసి ఫ్రిజ్‌లో పెట్టండి. నాలుగైదు వారాలు ఉంటుంది.

పంచదార తగ్గించమన్నారు. తగ్గించొచ్చు, కానీ అందులో పంచదార తీపికి మాత్రమే కాదు, నిలవకి కూడా. సగం చేస్తే వారంలో పైన బూజు తేలుతుంది. అంత తక్కువ వేస్తే ఐసు ట్రేల్లో పోసి ఫ్రీజర్‌లో పెట్టుకుని రెండేసి ముక్కలు సోడాలో వేసుకోండి. పై కొలతతో చేసింది గ్లాసుకి 25 మిల్లీలీటర్లు పోసుకున్నా సుమారు 12 గ్రాముల పంచదార, అంటే మూడు చిన్న చెంచాలు. షుగరున్నవాళ్లు ఈ లెక్క చూసుకుని తాగాలి. "పువ్వుదే కదా, ఏం కాదు" అనే మాట మా ఇంట్లో కూడా విన్నాను, పువ్వుది నిజమే గానీ గ్లాసులో ఉన్నది ఎక్కువ పంచదారే.

ప్రశ్న: సిట్రిక్ యాసిడ్ కోసం మందుల షాపుకి వెళ్తే నన్ను దొంగని చూసినట్టు చూశాడు. ఎందుకు? (లెస్టర్)

జవాబు: మత్తుమందు కరిగించడానికి కొందరు దాన్ని వాడతారు, అందుకని అక్కడ అడుగుతారు, మీ మొహం చూసి కాదు. మీ ఊళ్లో ఉండి మందుల షాపుకి ఎందుకు వెళ్లారండీ! ఇండియన్ కిరాణా కొట్లో నిమ్మ ఉప్పు అడగండి, అదే ఇది. ఇంట్లో వైను చేసుకునేవాళ్ల సామాను అమ్మే దుకాణాల్లో కూడా ఉంటుంది.

ప్రశ్న: ఇంత కష్టం దేనికి మేడమ్, సూపర్ మార్కెట్‌లో సీసా దొరుకుతుంది కదా? (మాంచెస్టర్)

జవాబు: దొరుకుతుంది, నేనూ చలికాలంలో కొంటాను. ఆ సీసాల వ్యాపారం కూడా ఇంటి వంటలోంచి పుట్టిందే. లెస్టర్‌షైర్ వైపు లార్డ్ జాన్ మానర్స్ అనే ఆయన, తన భార్య ఇంట్లో చేసే కార్డియల్‌ని 1984లో సీసాల్లో పోసి అమ్మడం మొదలుపెట్టారు, అదే ఇప్పుడు బెల్‌వాయిర్ అని మనం చదివే బ్రాండు (పలికేటప్పుడు బీవర్ అనాలి, ఈ దేశంలో స్పెల్లింగుని నమ్మకూడదు). అయినా కోసిన రోజు చేసిన దానికి ఉండే పుప్పొడి వాసన ఇంకెక్కడా రాదు. ఒక్కసారి చేసి చూసి, తేడా లేదనిపిస్తే మానేయండి.

ప్రశ్న: ఆంటీ, మేం నలుగురం స్టూడెంట్స్ ఒకే ఇంట్లో ఉంటాం. ఎల్డర్‌ఫ్లవర్ షాంపేన్ ఈస్ట్ లేకుండానే పొంగుతుందంటున్నారు, నిజమా? గాజు సీసాలు పేలతాయని కూడా విన్నాం. (కోవెంట్రీ)

జవాబు: రెండూ నిజమే. పొద్దున దించిన తాటి నీరా తియ్యగా ఉండి, పొద్దెక్కేకొద్దీ దానంతటదే కల్లు అవుతుంది కదా, ఎవరూ అందులో ఈస్ట్ వేయరు. ఇక్కడా అంతే. పువ్వు మీద ఉన్న ఈస్ట్ పంచదారని తిని ఆల్కహాల్‌నీ గ్యాస్‌నీ వదులుతుంది. కడగొద్దన్నదానికి ఇది రెండో కారణం. కాచి చల్లార్చిన నీళ్లు 5 లీటర్లు, పంచదార 700 గ్రాములు, 2 నిమ్మకాయలు, తెల్ల వెనిగర్ 2 పెద్ద చెంచాలు, గుత్తులు ఓ డజను. శుభ్రమైన బకెట్‌లో కలిపి గుడ్డ కప్పి రెండు రోజులు ఉంచండి, పూటకోసారి తిప్పండి. నాలుగో రోజుకీ సన్న బుడగలు రాకపోతే చిటికెడు వైన్ ఈస్ట్ వేయండి, అందులో పరువు తక్కువేం లేదు. తర్వాత వడకట్టి సీసాలకెత్తాలి.

సీసా దగ్గరే మీరు నా మాట వినాలి. మా ఇంట్లో మెట్ల కింద అల్మరాలో ఆరు గాజు సీసాలు పెట్టాను, అందంగా ఉంటాయని. జూన్‌లో వేడి పెరిగిన ఒక రాత్రి ఒకటి పేలింది, దాని దెబ్బకి పక్కవి రెండు. మనుషులెవరూ దగ్గర లేరు కాబట్టి ఇప్పుడు కథలా చెప్తున్నాను గానీ, తలుపు చెక్కలో దిగిన గాజు పెంకుని పటకారుతో లాగాల్సి వచ్చింది. గోడకి బంక, నెల రోజులు చీమలు. అప్పట్నుంచి కూల్‌డ్రింకు వచ్చే ప్లాస్టిక్ సీసాలు తప్ప ఇంకేవీ వాడను. గ్యాస్ తట్టుకునేలా చేసినవి అవే, మంచినీళ్ల సీసాలు పనికిరావు. పైన మూడు వేళ్ల ఖాళీ వదిలి మూత బిగించి రోజూ చేత్తో నొక్కి చూడండి. నొక్కితే లోపలికి పోనంత గట్టిగా అయిందంటే మూత కొంచెం వదులు చేసి, బుస్సుమన్నాక మళ్లీ బిగించండి. వారం పది రోజులకి ఫ్రిజ్‌లో పెట్టేసి, త్వరగా తాగేయండి. ఫ్రిజ్‌లో కూడా పులవడం ఆగదు, నెమ్మదిస్తుంది, అంతే.

ఆల్కహాల్ ఎంత ఉంటుందని మీ ఉత్తరం చివర అడిగారు. ఆ పంచదారంతా పులిసిపోతే 8 శాతం దగ్గరికి వెళ్లగలదు, పదో రోజున తాగితే అంతకంటే బాగా తక్కువ, కానీ ఎంతో చూసి చెప్పలేం కాబట్టి పిల్లలకీ గర్భిణులకీ వద్దు, తాగి బండి తీయొద్దు. మీ వరకు చేసుకోవడానికి బ్రిటన్‌లో పన్ను లేదు, అమ్మితే మాత్రం నేరం. ఇక షాంపేన్ అనే పేరు మీ వంటింట్లోనే వాడుకోండి, సీసా మీద రాసి సంతలో పెట్టారంటే, అది మా షాంపేన్ ప్రాంతపు వైను పేరని ఫ్రాన్స్ వాళ్లు ఊరుకోరు. సర్రేలోని థార్న్‌క్రాఫ్ట్ అనే కంపెనీ వాళ్లు ఎల్డర్‌ఫ్లవర్ షాంపేన్ అని అమ్మితే కేసు కోర్ట్ ఆఫ్ అప్పీల్ దాకా వెళ్లి 1993లో వాళ్లు ఓడిపోయారు. అందులో ఆల్కహాలే లేదు పాపం.

ప్రశ్న: ఎవరి కంచెలోనో పూలు కోస్తే దొంగతనం కాదా? (మావారు భయపెడుతున్నారు, స్లవ్)

జవాబు: ఇంగ్లండ్, వేల్స్‌లలో 1968 నాటి దొంగతనాల చట్టం ప్రకారం దానంతటది మొలిచిన చెట్టు పూలు, పళ్లు ఇంటికోసం కోసుకుంటే దొంగతనం కాదు, అమ్మకానికైతే అవుతుంది. అలాగని ఇంకొకరి తోటలోకి దూరమని కాదు, అక్కడ పెంచుకున్న చెట్టుకి ఇది వర్తించదు. లండన్ రాయల్ పార్కుల్లో కోయనివ్వరు. ఒక చెట్టు మీద పడి దులిపేయకుండా తలా నాలుగు గుత్తులు తీసుకోండి, పువ్వు వదిలితేనే శరదృతువులో పిట్టలకి కాయ ఉంటుంది. డెన్మార్క్‌లో పాతకాలం వాళ్లు ఈ చెట్టులో ఒక తల్లి ఉంటుందని, కొమ్మ కొట్టేముందు ఆమెని అడగాలని నమ్మేవారు. మా నాయనమ్మ కూడా చీకటి పడ్డాక చెట్టు మీద చెయ్యి వేయనిచ్చేది కాదు.

ప్రశ్న: అమ్మాయి దగ్గర లండన్‌లో తాగాను. హైదరాబాద్‌లో ఆ చెట్టు పెంచొచ్చా? లేకపోతే ఇక్కడి తెల్ల పూలేవైనా వాడొచ్చా? (కూకట్‌పల్లి నుంచి ఒక అమ్మమ్మ)

జవాబు: అమ్మా, అది చలిదేశపు చెట్టు, మన మే నెల ఎండ దానికి పడదు. ఇక్కడి తెల్ల పూలు మాత్రం దయచేసి వద్దు. గన్నేరుకీ తెల్ల పూలుంటాయి, అది ప్రాణాలు తీస్తుంది. అమ్మాయిని ఎండబెట్టిన పూలు తెమ్మనండి, లీటరున్నరకి రెండు గుప్పెళ్లు వేసి పై పద్ధతిలోనే చేయొచ్చు, కాకపోతే వాసన తాజాదానిలా ఉండదు, కొంచెం ఎండుగడ్డి వైపు పోతుంది. కార్డియలే చేసి ప్లాస్టిక్ సీసాలో గట్టిగా మూతపెట్టి చెక్ఇన్ సామానులో తెస్తే ఇంకా నయం. ఈలోగా మీ చేతి సుగంధి షర్బత్ అమ్మాయికి పంపండి, అక్కడ దానికోసం మొహం వాచి ఉంటారు.

ప్రశ్న: మా పక్కింటి జర్మన్ ఆవిడ ఈ పూలతో బజ్జీలు వేసింది! శనగపిండితో చేయొచ్చా? (మ్యూనిక్)

జవాబు: బవేరియా, ఆస్ట్రియాల్లో అది పాత వంటే. మైదా, పాలు, గుడ్డు జారుగా కలిపి, గుత్తిని కాడ పట్టుకుని ముంచి, నూనెలో వేసి, పైన పంచదార పొడి చల్లుతారు. శనగపిండితో నేను చేశాను, పిండి వాసనే వచ్చింది, పువ్వు ఉందో లేదో తెలియలేదు. మైదాలో సగం బియ్యప్పిండి కలిపితే కరకరలాడింది. వాము, కారం జోలికి పోవద్దు. మీ వైపు మరుగుజ్జు ఎల్డర్ కూడా పెరుగుతుంది జాగ్రత్త, అది నేలలోంచే గుబురుగా లేస్తుంది, కొయ్య ఉండదు, పువ్వు లోపల కేసరాల తలలు పసుపు కాకుండా ఊదాగా ఉంటాయి, అది విషం. గుత్తి నూనెలో తేలుతుండగానే వెనక కాడలు కత్తెరతో కత్తిరించేయండి, తినేటప్పుడు కాడ వదిలేయమని పిల్లలకి చెప్పండి. వేడివేడిగా తినేయాలి, చల్లారితే మెత్తబడి నూనె కారుతుంది.