పళ్ల సందుకు రబ్బరు బ్యాండా? వెంటనే ఆపేయండి

ప్రశ్న: మా పాపకు 8 ఏళ్లు. పై వరసలో ముందు పళ్లు రెండింటి మధ్య సందు ఉంది, పళ్లు కాస్త ఎత్తుగా కూడా ఉన్నాయి. మేం చూపించే డెంటిస్టు ఇప్పుడే క్లిప్పులు వేద్దామంటున్నారు. ఇంకో డాక్టరేమో 12 ఏళ్లు వచ్చేదాకా ఆగమన్నారు. ఈలోగా తెలిసినవాళ్లు చెబితే రాత్రిపూట ఆ రెండు పళ్లకూ కలిపి చిన్న రబ్బరు బ్యాండు వేస్తున్నాం. సందు తగ్గినట్టే ఉంది. మొన్న పొద్దున చూస్తే బ్యాండు కనపడలేదు, మింగేసిందేమో అనుకున్నాం. పాప నోరు తెరిచి నిద్రపోతుంది. ఇంతకీ ఎవరి మాట వినాలి?
- ఒక తల్లి

జవాబు: ఎవరి మాట వినాలన్నది తర్వాత. ముందు ఆ రబ్బరు బ్యాండు ఆపేయండి. కనపడకుండా పోయిందన్నారే, దాని కోసం రేపే పాపను డెంటిస్టుకు చూపించండి.

మింగి ఉంటే సాధారణంగా ఇబ్బంది ఉండదు. నా భయం వేరే. పంటి వేరు కొసకు పోయేకొద్దీ సన్నబడుతుంది. బ్యాండు ఒకసారి చిగురు కిందికి దూరిందంటే వేరు వెంట పైపైకి జారుతూ, పంటిని పట్టి ఉంచే ఎముకను దెబ్బతీస్తుంది. చిగురు వాచడం, బ్రష్ తగిలితే రక్తం రావడం, పళ్లు కదలడం, ఉన్నట్టుండి పొడవైనట్టు కనిపించడం దీని గుర్తులు. నొప్పి లేదు కదా అని ఊరుకోవద్దు. రబ్బరు మామూలుగా ఎక్స్‌రేలో కనపడదు, కాబట్టి బ్యాండు వేశామని మీరే చెప్పాలి. తిడతారని దాచిపెడితే మామూలు చిగుళ్ల జబ్బనుకుని మందులు రాసి పంపే ప్రమాదం ఉంది. ఇలా ముందు పళ్లు రెండూ ఊడిపోయిన పిల్లలు ఉన్నారు. అవి పాల పళ్లు కావమ్మా, పోతే మళ్లీ రావు.

డాక్టర్లూ రబ్బర్లు వేస్తారుగా అంటారేమో. మేం వాటిని పంటికి అతికించిన క్లిప్పుకు తగిలిస్తాం, చిగురు వైపు జారనివ్వం.

నోరు తెరిచి నిద్రపోవడం గురించి ఇద్దరు డాక్టర్లలో ఎవరికైనా చెప్పారా? గురక, ఎప్పుడూ ముక్కు దిబ్బడ కూడా ఉంటే అడినాయిడ్స్, అంటే ముక్కు వెనక ఉండే కండ, పెరిగి ఉండొచ్చు. ఈఎన్‌టీ డాక్టరుకు చూపించండి. వేలు చీకే అలవాటు ఉందో లేదో మీరు రాయలేదు. ఈ వయసులోనూ ఉంటే పళ్లు ఎత్తుగా రావడానికి అదే కారణం కావచ్చు. అది మాన్పించకుండా క్లిప్పులు వేసినా లాభం తక్కువ.

ఇక క్లిప్పుల సంగతి. నోరు చూడకుండా ఖాయంగా చెప్పలేను. ఈ వయసులో ముందు పళ్ల మధ్య చిన్న సందు మామూలే. 11, 12 ఏళ్లకు పై కోరపళ్లు దిగేసరికి చాలామందిలో దానంతటదే మూసుకుంటుంది. సందు ఎక్కువగా ఉంటే మధ్యలో అదనపు పన్నేమైనా ఇరుక్కుందేమో ఎక్స్‌రేలో చూడాలి. ఎత్తు పళ్లకు ఇప్పుడు మొదలుపెట్టి రెండు విడతలుగా చేసినా, టీనేజీలో ఒకేసారి చేసినా చివరికి వచ్చే ఫలితంలో పెద్ద తేడా ఉండదని పరిశోధనలు చెబుతున్నాయి. ముందే చేస్తే, కింద పడినప్పుడు ఆ పళ్లు విరిగే ముప్పు మాత్రం తగ్గుతుంది. కాబట్టి బాగా ఎత్తుగా ఉండి, పాప ఆటల్లో తరచూ పడుతుంటే ఇప్పుడే చేయడంలో అర్థం ఉంది. లేకపోతే ఆగొచ్చు.

ఆగకూడనివి వేరే ఉన్నాయి. కింది పళ్లు పై పళ్లకు ముందుకు రావడం, పళ్లు కలిపినప్పుడు కింది దవడ ఓ పక్కకు జరగడం, పాల దవడ పన్ను ముందే తీసేయాల్సి రావడం లాంటివి. వీటిలో ఏదైనా ఉందా అని మీ డెంటిస్టును అడగండి. ‘ఇప్పుడు చేయకపోతే ఏం నష్టం?’ అని కూడా అడగండి. జవాబు తృప్తిగా లేకపోతే ఒకసారి ఆర్థోడాంటిస్టుకు, అంటే పళ్ల వరస సరిచేసే స్పెషలిస్టుకు చూపించండి. వెళ్లేటప్పుడు ఇదివరకు తీసిన ఎక్స్‌రేలుంటే పట్టుకెళ్లండి, పాపకు మళ్లీ తీయించే పని తప్పుతుంది.