డగ్లస్ ప్రసంగం చివరిదాకా చదువు

తల్లీ,

నీకు అమెరికాలో పీహెచ్‌డీ సీటు వచ్చిందని, అదీ అమెరికా రాజకీయ చింతన మీదేనని మీ అమ్మ ఫోన్లో చెప్పగానే పొంగిపోయాను. ఆ రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. ఆ పాఠాలు చెప్పినదాన్ని కదా, నా టెన్షన్ నాది.

చలికోటు అక్కడే కొనుక్కో. అమెరికా రాజ్యాంగాన్ని ఆమోదించమని వాదించిన ఫెడరలిస్ట్ వ్యాసాలు 85 ఉంటే అందరూ 10, 51 చదివి ఆపేస్తారు, నువ్వు ఆపకు. వాటికి ఎదురుగా ‘బ్రూటస్’ పేరుతో వచ్చినవీ పక్కన పెట్టుకో. 1791లో రాజ్యాంగానికి పౌరహక్కుల సవరణలు ఊరికే రాలేదు, ఆ ఎదుటి పక్షం పట్టుబడితే వచ్చాయి.

ఇక అసలు సంగతి. మన పిల్లలు ఎప్పటినుంచో చేసే తప్పు, ముక్కలు చదవడం. బానిసత్వం నుంచి తప్పించుకుని దానిమీదే పోరాడిన ఫ్రెడరిక్ డగ్లస్ 1852 జులై 5న రాచెస్టర్‌లో చేసిన ప్రసంగం తెలుసుగా, మీ స్వాతంత్ర్య దినం జులై 4 బానిసకేం పండగ అని నిలదీసింది? మా కాలేజీ నోట్సుల్లో ఆ ఒక్క పేరాయే తిరిగేది. ఎంతో చురుకైన పిల్ల ఒకతె దాన్నే పట్టుకుని, డగ్లస్ రాజ్యాంగాన్నే కాదన్నాడని సెమినార్ పేపర్ రాసేసింది. చివరి పేజీలు చదివావా అని బయటి నుంచి వచ్చిన ప్రొఫెసర్ అడిగారు. అక్కడ డగ్లస్ అదే రాజ్యాంగాన్ని మహత్తరమైన స్వేచ్ఛా పత్రమన్నాడు, అందులో బానిస అన్న మాటే ఎక్కడా లేదన్నాడు. అదే రాజ్యాంగం జనాభా లెక్కలో బానిసల్ని అయిదింట మూడు వంతులుగా కట్టిన సంగతి ఆయనకు తెలియదా? తెలుసు. రాజ్యాంగం బానిస యజమానులతో కుదుర్చుకున్న ఒప్పందమేనని బానిసత్వ వ్యతిరేక ఉద్యమ నాయకుడు గారిసన్ నమ్మేవాడు, 1854లో దాని ప్రతిని బహిరంగంగా తగలబెట్టాడు కూడా. తనను పైకి తెచ్చిన అంతటి మనిషితో డగ్లస్ 1851లోనే విడిపోయాడు, ఆ పత్రాన్ని శత్రువులకు వదిలెయ్యడం ఇష్టంలేక. ఈ తగువు తెలియకపోతే ఆ ప్రసంగంలోని కోపం కూడా సగమే అర్థమవుతుంది. పాపం ఆ పిల్ల మళ్ళీ సెమినార్లో నోరు విప్పలేదు.

నువ్వూ అలా అయిపోతావేమోనని నా భయం. చిన్నప్పుడు పెళ్ళిళ్ళకెళ్తే మీ అమ్మ కొంగు వదిలేదానివి కాదు. వాళ్ళ దేశం, వాళ్ళ చరిత్ర, మధ్యలో నేనెవర్ని అనుకున్నావంటే ఒప్పుకోను. అమెరికా ప్రజాస్వామ్యం మీద ఈనాటికీ తిరగేసే పుస్తకం రాసిన టాక్విల్ ఫ్రాన్స్‌వాడు, 1831లో జైళ్ళు చూడ్డానికని వెళ్ళి తొమ్మిది నెలలే ఉన్నాడు. 1913లో కొలంబియాలో చేరిన అంబేద్కర్ అక్కడ తత్వవేత్త జాన్ డ్యూయీ దగ్గర విన్నదాన్ని కుల నిర్మూలన వాదనలో వాడుకున్నారు.

మొదటి వారంలోనే ఒక ప్రశ్న అడుగు, చిన్నదైనా సరే. ఏం అడిగావో ఆ రాత్రే నాకు ఫోన్ చెయ్యి. ఇక్కడ పొద్దున్నే అవుతుంది, లేచే ఉంటాను.

నీ పెద్దమ్మ