‘నేను వస్తానని చెప్పమన్నారు’ అంటే వచ్చేది ఎవరు?

సందేహం: మేం కొందరు స్నేహితులం కలిసి ఒక కామెడీ సీరియల్ రాస్తున్నాం. గోదావరి మధ్య ఒక లంక, అక్కడ ఒక ఉమ్మడి కుటుంబం. వరదకి కరెంటు, సెల్ సిగ్నల్ రెండూ పోతాయి. అక్కణ్నుంచి ఎవరు ఏ కబురు పంపినా ఒక్కటీ సరిగ్గా చేరదు, ఎపిసోడ్లన్నీ ఇదే గోల. మొదటి ఎపిసోడ్‌లో కొడుకు అవతలి రేవు నుంచి పడవ సరంగుతో కబురు పంపుతాడు. సరంగు వచ్చి, "నేను రేపు భోజనానికి వస్తానని మీ అబ్బాయిగారు చెప్పమన్నారండి" అంటాడు. తల్లి భోజనానికొచ్చేది సరంగే అనుకుంటుంది. మాలో ఒకాయన ఈ వాక్యమే తప్పు, "అతను వస్తాడని" అనాలంటాడు. ఇంకొకాయన "తాను వస్తానని" అనాలంటాడు. ఏది ఒప్పు? మరో సంగతి, మా వైపు "ఆయ్" అంటే అవుననా, కాదనా?
– అమలాపురం నుంచి ఒక పాఠకుడు

సమాధానం: మీ వాక్యం తప్పు కాదండీ. మొదటాయన చేసిన సవరణే తప్పు, ఎందుకంటే "అతను వస్తాడని మీ అబ్బాయిగారు చెప్పమన్నారు" అంటే వచ్చేది అబ్బాయిగారు కాదు, ఇంకెవడో మూడోవాడు. ఇంగ్లీషు గ్రామర్‌లో డైరెక్ట్ స్పీచ్‌ని ఇన్‌డైరెక్ట్‌లోకి మార్చి మార్చి అలవాటు పడ్డవాళ్లు తెలుగు వాక్యం దొరికినా అదే పని చేసేస్తారు, ‘నేను’ని ‘అతను’ చేస్తారు, అక్కడితో ఆగక క్రియ చివరి ‘ను’ కూడా పీకేసి ‘డు’ తగిలిస్తారు. ఆ రెండో పనే తెలుగులో చెయ్యకూడనిది. బళ్లో చదువుకున్న ప్రత్యక్ష కథనం, పరోక్ష కథనం పాఠం గుర్తు తెచ్చుకోండి. "నేను రేపు వస్తాను" అని రవి అన్నాడు. దీన్ని పరోక్షంలోకి మారిస్తే, తాను రేపు వస్తానని రవి అన్నాడు. ‘నేను’ పోయి ‘తాను’ వచ్చింది గానీ క్రియ ‘వస్తాను’గానే ఉండిపోయింది చూశారా! మామూలుగా "తాను వస్తాను" అంటే చిన్నపిల్లలు కూడా నవ్వుతారు, పక్కన ‘అని’ చేరిందంటే అదే సిసలైన తెలుగు.

కాబట్టి రెండో స్నేహితుడు చెప్పింది వ్యాకరణానికి సరిపోతుంది. కానీ సరంగు నోటికి సరిపోదు. "తాను భోజనానికి వస్తానని" అంటూ మాట్లాడే సరంగు ఉన్నాడంటే అతను పగలు పడవ నడిపి రాత్రి పేపర్లో వార్తలు రాస్తూ ఉండాలి.

ఇక అసలు చిక్కు ‘నేను’ దగ్గర ఉంది. అబ్బాయి అన్నది అన్నట్టే తెచ్చి అప్పజెబితే ఆ ‘నేను’ అబ్బాయి. సరంగు తన మాటల్లో చెబుతున్నాడనుకుంటే ఆ ‘నేను’ సరంగే. తెలుగు ఈ రెంటినీ ఒప్పుకుంటుంది. రాతలో అయితే కొటేషన్ మార్కులు పెట్టి తప్పించుకోవచ్చు అంటారేమో, అదీ కుదరదు. వస్తాను, అని – ఈ రెండూ కలిస్తే వస్తానని. "ఉత్తున కచ్చు పరంబగునపుడు సంధి యగు" అని చిన్నయసూరి బాలవ్యాకరణంలో చెప్పిన ఉత్వసంధి, అంటే ఉకారం తర్వాత అచ్చు వస్తే ఆ ఉకారం పోయి రెండూ కలిసిపోతాయి. అబ్బాయి మాట ఎక్కడ అయిపోయిందో, సరంగు మాట ఎక్కడ మొదలైందో చూపించాల్సిన గట్టు ఆ ఉకారంతోపాటే కొట్టుకుపోయింది, ఇంక మార్కు ఎక్కడ పెడతారు?

మరి జనం రోజూ ఇలాంటి కబుర్లు మోస్తూనే ఉన్నారు కదా, పొరపాటెందుకు పడటం లేదు? చాలామంది అసలు ‘నేను’ అనరు. "మీ అబ్బాయిగారు రేపు వస్తానన్నారండి" అంటే సరిపోయింది, అన్నది ఎవరో వచ్చేదీ వాళ్లే. ‘నేను’ అనాల్సి వచ్చినా అన్న మనిషిని ముందు చెప్పేస్తారు. మీ వాక్యంలో ‘నేను’ మొట్టమొదట ఉంది, అబ్బాయిగారు చివర్లో ఎక్కడో ఉన్నారు. వినే ఆవిడకి ఎదురుగా నిలబడి ‘నేను’ అంటున్నవాడు సరంగే కనబడుతున్నాడు, అబ్బాయి పేరు వచ్చేసరికి ఆవిడ మనసులో విస్తరి వేసేసింది. అందుకని ఈ వాక్యంలో ఒక్క మాట కూడా మార్చకండి. నటుడికి మాత్రం ‘వస్తానని’ దగ్గర ఆగొద్దని గట్టిగా చెప్పండి. అక్కడ కొంచెం ఆగి గొంతు మార్చాడంటే ‘నేను’ ఎవరో తేలిపోతుంది, మీ ఎపిసోడూ అక్కడితో అయిపోతుంది.

నిజానికి ఇంత మంచి వసతి తెలుగులోనే ఉండగా మన కామెడీలు ఇంకా చెవిటి తాతగారి మీదే బతకడం నాకు నచ్చదు. ఇక్కడ అందరికీ చెవులు బాగానే పనిచేస్తున్నాయి, ఒక్క తప్పు మాటా ఎవరూ అనలేదు, అయినా నువ్వొకందుకు పోస్తే నేనొకందుకు తాగినట్టు అయింది. దీన్నింకా సాగదీయొచ్చు. "నేను వస్తానని నువ్వు చెప్పావని వాడు అన్నాడని ఆవిడ చెప్పింది" అని పెదనాన్నగారి చేత అనిపించండి. ఆ ‘నేను’ పెదనాన్న కావచ్చు, ‘నువ్వు’ కావచ్చు, ‘వాడు’ కావచ్చు, ‘ఆవిడ’ కూడా కావచ్చు. ఆ ‘నువ్వు’ ఎవరన్నది ఇంకో తగాదా. నలుగురూ నాలుగు రకాలుగా అర్థం చేసుకుని ఒకరి కోసం ఒకరు నాలుగు రేవుల్లో కాపలా కాస్తే వ్యాకరణం ఎవర్నీ తప్పు పట్టలేదు.

మీరు అడగలేదు గానీ, వరద అన్నారు కాబట్టి ‘అట’ సంగతి కూడా చెప్పాలి. మీ వైపు నోటిలో అది ‘అంట’. ధవళేశ్వరం దగ్గర 10 లక్షల క్యూసెక్కులు దాటి మొదటి ప్రమాద హెచ్చరిక ఇచ్చారంటే లంకల్లో ఇంక ‘అంట’ లేని వాక్యం వినబడదు: నీళ్లు ఇంకా పెరుగుతాయంట, పంటు (రేవు దాటించే పెద్ద పడవ) ఆపేశారంట, అవతల గట్టు కోసేసిందంట. సరంగు "మీ అబ్బాయిగారు రేపు వస్తారంటండి" అని ఉంటే ఈ ‘నేను’ గొడవే లేదు. కాకపోతే ‘అంట’తో వేరే ఇబ్బంది ఉంది, అన్నది ఎవరో పూర్తిగా మాయమైపోతుంది. ఎవరన్నారయ్యా అంటే, అంటున్నారంటండి! పైగా తిరిగి తిరిగి ఆ కబురు అసలు మనిషి చెవిన పడితే అతను కూడా ఆశ్చర్యపోతూ "నేను మేడెక్కి కూర్చున్నానంట!" అంటాడు. తన గురించి తనే ‘అంట’ అనడం, ఇది తెలుగువాళ్లందరూ అనేదే, దీని మీద ఒక ఎపిసోడ్ హాయిగా నడుస్తుంది.

"ఆయ్" విషయానికొస్తే, అది అవునూ కాదు, కాదూ కాదు. వింటున్నాను, మీరు చెప్పింది నాకు చేరింది, మీ మీద గౌరవం ఉంది – ఇంతవరకే. తెలుగులో ప్రశ్నకి అసలు జవాబు క్రియతోనే వస్తుంది. "తిన్నావా?" అంటే "తిన్నాను" అంటాం, ‘అవును’ అనేది తక్కువ. గోదావరి మనిషి కూడా "ఆయ్, తిన్నానండి" అనో "ఆయ్, ఇంకా తినలేదండి" అనో పూర్తి చేస్తాడు, ‘ఆయ్’ రెంటికీ ముందు పడుతుంది. తల్లి "ఏం బాబూ, రేపు రావా?" అన్నప్పుడు సరంగు "ఆయ్" అని ఊరుకుని పడవెక్కేశాడనుకోండి, వస్తాడో రాడో ఆవిడకీ తెలీదు, సరంగుకీ తెలీదు. రాసేటప్పుడు ‘ఆయ్’ అనే రాయండి. ఎడిటింగ్‌లో ఎవరైనా దాని కింద సబ్‌టైటిల్‌గా ‘అవును’ అని వేస్తే తీయించెయ్యండి.