మా అన్నయ్య మోకాళ్లు నా పిక్కల మీద

"జీన్స్ రోజూ వేసుకుంటాం కదా, కాస్త పరీక్షగా చూస్తే అందులో వింతగా అనిపించేవి ఏమున్నాయి?" అని అడిగారు. నాకు ఈ వింత పదిహేనేళ్ల వయసులో మా అన్నయ్య పాత జీన్స్‌తో మొదలైంది, కాబట్టి అక్కణ్ణుంచే చెప్తాను.

అన్నయ్య నాకంటే జానెడు పొడుగు. తనకి నడుము దగ్గర పట్టడం లేదని ఆ జీన్స్ నాకొచ్చింది. కింద రెండు మడతలు పెట్టి, బెల్టు బిగించి అద్దం ముందు నిలబడితే ఏదో తేడాగా ఉంది గానీ ఏంటో వెంటనే తట్టలేదు. కాసేపయ్యాక తెలిసింది, మోకాళ్లు తప్పు చోట ఉన్నాయి. అన్నయ్య మోకాళ్ల దగ్గర రంగు వెలిసి తెల్లబడిన రెండు గుండ్రాలు నా మోకాళ్లు దాటి కిందికి దిగిపోయాయి. వెనక కుడి జేబు మీద తన పర్సు నాలుగు అంచులూ గీత గీసినట్టు తెల్లగా అచ్చు పడి ఉన్నాయి, నాకేమో అప్పటికి పర్సే లేదు. వేరే బట్టలు కూడా తనవి వేసుకున్నాను, చొక్కాలు, స్వెటర్లు, అవన్నీ పాతబడ్డాయి అంతే, వాటిలో అన్నయ్య కనిపించలేదు. జీన్స్‌లో మాత్రం మనిషి మొత్తం ఉన్నాడు.

ఎందుకిలా అని చాలా ఏళ్ల తర్వాత తెలుసుకున్నాను, తెలిశాక ఇంకా వింతగా అనిపించింది. జీన్స్ కుట్టే గుడ్డని డెనిమ్ అంటారు. అందులో నీలం రంగు నిలువుగా సాగే పడుగు దారాలకే వేస్తారు, అడ్డంగా నేసే పేక దారాలు తెల్లగానే ఉంటాయి. నేతలో పడుగు దారం మూడు పేక దారాల మీదుగా వెళ్లి ఒక్క దాని కిందికి దిగుతుంది, అందుకే బయట నీలం, లోపల తెలుపు. ఇంతవరకూ మామూలే. అసలు సంగతి నీలిమందుది. అది నీళ్లలో కరగదు, రసాయనాలతో దాని రూపం మార్చి కరిగిస్తేనే దారానికి పడుతుంది. తొట్టిలోంచి పైకి తీసేటప్పుడు దారం పసుపూ ఆకుపచ్చా కలిసిన రంగులో ఉంటుంది, గాలి తగిలాకే నీలం తిరుగుతుంది. అలా ముంచడం, గాలికి ఆరనివ్వడం, మళ్లీ ముంచడం. ఎన్నిసార్లు ముంచినా రంగు పైపొరల్లోనే ఆగిపోతుంది, దారం నడిమికి చేరదు. నమ్మకపోతే పాత జీన్స్ కింది అంచులోంచి ఒక నీలి దారం లాగి, కత్తెరతో అడ్డంగా కత్తిరించి, వెలుతురులో పెట్టి చూడండి. చుట్టూ నీలి తొక్క, మధ్యలో తెల్ల గుజ్జు. మోకాలు వంగిన చోట, పర్సు అంచు ఒరుసుకున్న చోట ఆ తొక్క ఊడిపోతుంది, తెలుపు బయటపడుతుంది.

అంటే రంగుల పని తెలిసినవాళ్ల లెక్కలో ఇది రంగు నిలవని గుడ్డ. ఇంకే బట్టయినా ఇలా వెలిస్తే కొన్నచోటికి పట్టుకెళ్లి గొడవ పెట్టుకుంటాం. జీన్స్‌ని మాత్రం "అబ్బ, ఎంత బాగా వెలిసిందో" అని మెచ్చుకుంటాం! నాకు జీన్స్‌లో నచ్చే విషయాలన్నీ వరసగా చూసుకుంటే ఒక్కోటీ ఏదో ఒక లోపమే.

ఈ రంగు నిలవకపోవడం గురించి ఒక పరువు తక్కువ కథ ఉంది. మొదటి జీతంతో ముదురు నీలం జీన్స్ కొని, ఉతక్కుండానే వేసుకుని స్నేహితురాలి ఇంటికి వెళ్లాను. వాళ్లది కొత్త సోఫా, పాలలాంటి తెలుపు. రెండు గంటలు కబుర్లు చెప్పుకుని లేచి చూస్తే సోఫా మీద పక్కపక్కనే రెండు నీలి అర్ధచంద్రాలు. తను ఏమీ అనలేదు, కుషన్ తెచ్చి మీద పెట్టింది. అనుంటే బాగుండేది. అందుకని ముదురు రంగు జీన్స్ కొన్నవాళ్లు తిరగేసి, చన్నీళ్లలో, విడిగా రెండుసార్లు ఉతికాకే ఎవరింటికైనా వెళ్లండి.

ఇంకో లోపం, కాలు మెలితిరగడం. నా జీన్స్ ఒకటి మూడు ఉతుకులయ్యాక ఎడమ కాలి పక్క కుట్టు మెల్లగా జరుగుతూ ముందుకొచ్చి మోకాలి కింద ముందుండే ఎముక మీద కూర్చుంది. కుట్టినవాళ్ల నిర్వాకం అనుకుని వెళ్లి గొడవ పెట్టుకున్నాను, మార్చి ఇచ్చారు కూడా. తర్వాత తెలిసింది, తప్పు కుట్టుది కాదు, నేతది. డెనిమ్ బట్టని దగ్గరగా చూస్తే సన్నటి ఏటవాలు గీతలు కనిపిస్తాయి కదా, ఆ వాలు వల్ల తడిసి ఆరినప్పుడు బట్ట ఒక పక్కకి లాగుతుంది. ఇప్పుడు చాలా మిల్లుల్లో ముందే బట్టని ఏటవాలుగా లాగి ఆ మెలికని సరిచేసి పంపిస్తారు. తమాషా ఏంటంటే, పాతకాలం జీన్స్ మీద పిచ్చి ఉన్నవాళ్లు ఆ మెలిక కావాలనే వెతుక్కుని కొంటారు. నేను కొట్లాడి తిరిగిచ్చేసింది వాళ్లకి అపురూపమన్నమాట.

పేర్లు కూడా విడ్డూరమే. ఫ్రాన్సులోని నీమ్ ఊరి నుంచి డెనిమ్ వచ్చిందని, ఇటలీలోని జెనోవా నుంచి జీన్ వచ్చిందని చెప్తారు. ఇలాంటి ముతక ప్యాంట్లకే వాడే డంగరీస్ అనే మాటేమో ముంబయిలోని డోంగ్రీ నుంచి, అక్కడి ముతక గుడ్డ పేరు అది. మూడు ఊళ్ల పేర్లు కలిసి ఒక్క ప్యాంటు.

ఇక జేబులు. ఈ విషయంలో నాకు చాలా కోపం ఉంది, కాస్త ఓపిక పట్టండి. జీన్స్ పుట్టిందే జేబుల కోసం. అమెరికాలో రీనో అనే ఊళ్లో జేకబ్ డేవిస్ అనే టైలర్ ఉండేవాడు. కూలి పని చేసేవాళ్ల ప్యాంట్లకి జేబుల మూలలు ఊరికే చిరిగిపోతుంటే, గుర్రాల దుప్పట్లకి తను వాడే రాగి రివెట్లు ఆ మూలల్లో కొట్టి చూశాడు. అవి బాగా అమ్ముడుపోయాయి. పేటెంటు తీసుకోడానికి చేతిలో డబ్బుల్లేక, తనకి గుడ్డ సరఫరా చేసే లీవై స్ట్రాస్‌కి ఉత్తరం రాశాడు. 1873 మే 20న పేటెంటు వచ్చింది. పేరు మాత్రం గుడ్డ అమ్మినాయనకి మిగిలింది, రివెట్టు కొట్టినాయన పేరు ఎంతమందికి తెలుసు? వెనక జేబుల రివెట్లు కుర్చీలనీ గుర్రపు జీనులనీ గీకేస్తున్నాయని తర్వాత గుడ్డ కింద దాచేశారు, ఆ తర్వాత మొత్తానికే తీసేసి దారంతో గట్టిగా కుట్టడం మొదలుపెట్టారు. ముందు రివెట్లు ఇప్పటికీ ఉన్నాయి. ఎండలో ఆరేసిన జీన్స్‌ని తీగ మీంచి తీసి వెంటనే తొడుక్కున్నవాళ్లకి నడుము దగ్గరి లోహపు బొత్తాం సంగతి చెప్పక్కర్లేదు, బొడ్డు కింద చురుక్కుమంటుంది.

కుడి జేబులో ఇంకో చిన్న జేబు ఉంటుంది చూడండి, అది గొలుసు గడియారం పెట్టుకోడానికి. గొలుసు గడియారాలు పోయాయి, జేబు పోలేదు. రెండు వేళ్లు దూరతాయి గానీ దూరాక లోపల ముడవడానికి చోటుండదు, నాణెం వేస్తే జీన్స్ తలకిందులు చేసి దులపాల్సిందే. సరే, అదీ ముచ్చటే అనుకుందాం. కానీ ఆడవాళ్ల జీన్స్‌లో ఈ గడియారం జేబు పద్ధతిగా కుట్టి ఉంటుంది, పక్కనే ఉన్న అసలు జేబులో మాత్రం నా చెయ్యి మణికట్టు దాకా కూడా పోదు! ఫోను పెడితే సగం బయట వేలాడుతుంది. ఒకసారి కొన్నదాంట్లో జేబు మూసి కుట్టేశారేమో, విప్పుకుంటే సరిపోతుందని బ్లేడుతో కుట్లు జాగ్రత్తగా విప్పాను. లోపల జేబే లేదు, నా తొడ కనిపించింది. 2018లో ది పుడింగ్ అనే వెబ్‌సైటు వాళ్లు 20 బ్రాండ్ల జీన్స్ తీసుకుని కొలిస్తే, ఆడవాళ్ల ముందు జేబులు మగవాళ్లవాటికంటే సగటున 48 శాతం పొట్టిగా తేలాయి. జేబులు చిరక్కూడదని పుట్టిన బట్టకి జేబే లేకుండా చేయడం కంటే వింత నాకింకోటి కనిపించలేదు. అప్పట్నుంచీ నేను మగవాళ్ల జీన్సే కొంటున్నాను, నడుము దగ్గర వెనక కాస్త లూజుగా ఉంటుంది, టైలర్ దగ్గర బిగుతు చేయించుకుంటాను.

సైజు సంగతి ఒక్క ముక్కలో: లేబుల్ మీద 30 అని ఉన్నదాన్ని ఇంట్లో టేపుతో కొలిస్తే 33 వచ్చింది. నంబరు చూసి మురిసిపోకండి, టేపు పట్టుకెళ్లండి.

వాసన పోవాలంటే ఉతక్కుండా ఫ్రీజర్లో పెట్టమని చాలామంది చెప్తారు. పెట్టి చూశాను. తీసినప్పుడు చల్లగా ఉంది, ఒంటి మీద వేడెక్కాక పాత వాసనే వచ్చింది. చలికి చాలా రకాల సూక్ష్మజీవులు చావవు, మళ్లీ వెచ్చబడేదాకా ఊరుకుంటాయి అంతే. ఆరేడుసార్లు వేసుకుని తిరగేసి ఉతకండి, టెన్షన్ ఉండదు.

అసలు చెప్పాలనుకున్నది ఇది. ఉద్యోగంలో చేరిన రెండో ఏడు, ముందే వెలిసినట్టు చేసి అమ్మే జీన్స్ ఒకటి కొన్నాను. ఇంటికొచ్చి వేసుకుంటే తెల్ల గుండ్రాలు మళ్లీ నా మోకాళ్ల కిందే! తొడల మీద కూర్చున్నప్పుడు పడే ముడతల్లాంటి తెల్ల గీతలు కూడా ఉన్నాయి, నేను కూర్చుంటే నా ముడతలు ఒకచోట, ఆ గీతలు ఒకచోట. అంటే డబ్బులిచ్చి మరీ మళ్లీ ఎవరి అన్నయ్య జీన్సో తెచ్చుకున్నాను. ఈసారి ఆ అన్నయ్య అసలు లేనేలేడు. ఇలా వెలిసినట్టు కనిపించడానికి తేలికపాటి ప్యూమిస్ రాళ్లేసి ఉతుకుతారు, ఎంజైములు వాడతారు, లేజర్‌తో కాలుస్తారు. కొన్నాళ్లు ఇసకని గాలి ఒత్తిడితో బట్ట మీదికి చిమ్మేవారు. ఆ సన్నటి దుమ్ము పీల్చి కుర్రకారు పనివాళ్లకి సిలికోసిస్ అనే ఊపిరితిత్తుల జబ్బు వచ్చింది, చాలామంది చనిపోయారు. టర్కీలో 2009లో ఆ పద్ధతిని నిషేధించారు. ఎప్పుడూ మోకరిల్లని నాలాంటివాళ్ల మోకాలి గుండ్రం కోసమా ఇదంతా అనిపించి, ఆ జీన్స్‌ని ఇల్లు తుడిచే గుడ్డలు చేశాను. చిరుగుల జీన్స్ వేసుకునేవాళ్ల మీద నాకే కోపమూ లేదు, మా అమ్మకి ఉంది, అది వేరే సంగతి.

ఇప్పుడు ముదురువే కొంటాను, నేనే వెలియిస్తాను. అలా నాలుగేళ్లు వాడిన ఒకటి ఈమధ్య మా అన్నయ్య కూతురు అడిగి పట్టుకుపోయింది. దానికి వాళ్ల నాన్న పొడుగొచ్చింది. వేసుకుని ఫోటో పంపించింది, మడమల పైన చాలా మేర కాలు కనిపిస్తోంది, తెల్ల గుండ్రాలు రెండూ తొడల మీదున్నాయి. కింద ఒక మెసేజు: "అత్తా, నీ మోకాళ్లు ఇంత పైకి ఎందుకున్నాయి?"