మశూచి పోయింది కదా, ఇంకా పాక్స్ వైరస్‌ల మీద పరిశోధన ఎందుకు?

ప్రశ్న: బీఎస్సీ మైక్రోబయాలజీ చివరి ఏడాదిలో ఉన్నాను. మశూచి వైరస్ కుటుంబమైన పాక్స్ వైరస్‌ల మధ్య జన్యు సంబంధాలు, వాటి పరిణామం మీద పరిశోధన చేయాలని ఉంది. ‘లేని రోగం మీద చదువేంటి, పైగా ప్రమాదం కూడా’ అంటున్నారు ఇంట్లో. నాకు కోడింగ్ రాదు. ముందుకు వెళ్లొచ్చా?

జవాబు: వెళ్లొచ్చు. కాకపోతే ఇంట్లోవాళ్ల భయం కంటే మీరు చివర్లో అన్న ‘కోడింగ్ రాదు’ అనే మాటే నాకు పెద్ద అడ్డంకిగా కనిపిస్తోంది.

ముందు ఇంటి సంగతి చూద్దాం. మశూచి నిర్మూలన పూర్తయిందని 1980లో ప్రకటించిన మాట నిజమే. పోయింది మాత్రం మశూచి తెచ్చే వేరియోలా వైరస్ ఒక్కటే, దాని చుట్టాలు చాలానే మిగిలాయి. 2022లో ఎంపాక్స్ (మంకీపాక్స్) ఎన్ని దేశాలకు పాకిందో చూశాం. పశువుల్లో లంపీ స్కిన్, గొర్రెలకూ మేకలకూ వచ్చే పాక్స్ కూడా ఈ కుటుంబానివే. ప్రమాదం మాటకొస్తే, బతికున్న వేరియోలా అధికారికంగా ఉన్నది అమెరికా, రష్యాల్లోని రెండు ల్యాబుల్లోనే. మీరు కోరుకుంటున్న పనిలో ఎక్కువ భాగం కంప్యూటర్ ముందు, సీక్వెన్సులతోనే, అంటే డీఎన్ఏ అక్షరాల వరుసలతోనే నడుస్తుంది.

ఇక అసలు విషయం. పరిణామం నేర్చుకోవడానికి వీటికంటే మంచి వైరస్‌లు అరుదు. మశూచి టీకాగా వాడిన వ్యాక్సీనియా వైరస్‌నే తీసుకోండి: దాని డీఎన్ఏలో సుమారు 1.9 లక్షల బేస్ జతలు (అక్షరాల జతలు), 200 దాకా జన్యువులు. మధ్య భాగంలో వైరస్ బతకడానికి తప్పనిసరైన జన్యువులు ఉంటాయి. దగ్గరి చుట్టాలన్నింటిలో ఇవి దాదాపు ఒకే వరుసలో కనిపిస్తాయి. ఆతిథేయి (వైరస్ సోకిన జీవి) రోగనిరోధక శక్తిని ఏమార్చే జన్యువులు ఎక్కువగా కొసల్లో ఉంటాయి, అవి వైరస్‌కో తీరు. రకరకాల జంతువులకు సోకే కౌపాక్స్‌లో ఈ జన్యువులు చాలావరకు చెక్కుచెదరలేదు. మనుషులకే పరిమితమైన వేరియోలాలో ఎన్నో చెడిపోయి పడున్నాయి. పోగొట్టుకోవడం కూడా పరిణామమేనన్న సంగతి ఇక్కడ కళ్లకు కట్టినట్టు తెలుస్తుంది.

చదివి ఊరుకుంటే సరిపోదు, చేసి చూడాలి. జెన్‌బ్యాంక్ అనే ఆన్‌లైన్ డేటాబేస్‌లో జీనోమ్‌లు, అంటే వైరస్‌ల పూర్తి డీఎన్ఏ వరుసలు, ఉచితంగా దొరుకుతాయి. వేరియోలా, క్యామెల్‌పాక్స్, టటేరాపాక్స్, వ్యాక్సీనియా, ఎంపాక్స్, వాటితోపాటు వేర్వేరు చోట్ల సేకరించిన నాలుగైదు కౌపాక్స్ స్ట్రెయిన్లు దించుకోండి. మాఫ్ట్ అనే ప్రోగ్రామ్‌తో అలైన్ చేసి (వరుసలను ఒకదాని కింద ఒకటి సరిపోల్చి), ఐక్యూ-ట్రీ అనే ప్రోగ్రామ్‌తో ట్రీ, అంటే వాటి వంశవృక్షం గీయండి. అందరిలాగే మీరూ మొదట జీనోమ్ మొత్తాన్నీ వేస్తారు, కొసల దగ్గర అలైన్‌మెంట్ చిందరవందరవుతుంది. రెండు కొసల్లోనూ ఒకే సీక్వెన్సు తిరగేసి ఉండటం, దాని పొడవు వైరస్‌కూ వైరస్‌కూ మారిపోవడం అందుకు కారణం. కొసలు కత్తిరించి మధ్య భాగంతో మళ్లీ చేయండి. ఈసారి వేరియోలా పక్కన క్యామెల్‌పాక్స్, ఎలుకజాతికి చెందిన ఆఫ్రికా గెర్బిల్‌లో దొరికిన టటేరాపాక్స్ వచ్చి చేరతాయి. కౌపాక్స్ స్ట్రెయిన్లు మాత్రం ఒకచోట కుదురుగా ఉండవు, వేర్వేరు కొమ్మలెక్కి కూర్చుంటాయి. ఎక్కడో తప్పు చేశామని బెంబేలెత్తకండి. కౌపాక్స్ అని ఒకే పేరు పెట్టేసినవాటిలో ఒకటికి మించి వంశాలున్నాయి. ఈ ఒక్క ముక్క ఇంటర్వ్యూలో మీ ట్రీ చూపించి వివరించగలిగితే చాలు, పని చేతికి తెలిసినవాళ్లని అవతలివాళ్లకు అర్థమవుతుంది.

ఆ తర్వాత ఎంపాక్స్ మీదికి వెళ్లండి. డీఎన్ఏ వైరస్‌లు నింపాదిగా మారతాయని చదువుకుని ఉంటారు. 2018-19 నాటి జీనోమ్‌లతో పోలిస్తే 2022 నాటివాటిలో 40కి పైగా మార్పులు కనిపించాయి, అనుకున్నదానికి ఎన్నో రెట్లు. వాటిలో అత్యధికం డీఎన్ఏ అక్షరాల్లో టీసీ ఉన్నచోట టీటీ, జీఏ ఉన్నచోట ఏఏ రావడమే. ఇవి మన కణాల్లో వైరస్ డీఎన్ఏ అక్షరాలను మార్చే అపోబెక్3 ఎంజైమ్‌లు వదిలిన గుర్తులు. 2022 వ్యాప్తి బయటపడకముందే ఈ వైరస్ కొన్నేళ్లుగా మనిషి నుంచి మనిషికి పాకుతోందని తేల్చడానికి ఆ గుర్తులే ఆధారమయ్యాయి. ఒక మ్యుటేషన్ తీరు చూసి వ్యాప్తి చరిత్ర చెప్పగలగడం, జీనోమ్ నిఘా ఉద్యోగాల్లో అడిగే నైపుణ్యం సరిగ్గా ఇదే.

ఉద్యోగాల విషయం దాచకుండా చెబుతాను. ‘పాక్స్ వైరస్ పరిణామ నిపుణులు కావలెను’ అనే ప్రకటన మీకు ఎప్పుడోగానీ తగలదు. అంటువ్యాధుల జీనోమ్ నిఘా, పశువుల టీకాలు, వైరల్ వెక్టర్లు (కణాల్లోకి జన్యువులను మోసుకెళ్లే వైరస్‌లు), క్యాన్సర్ కణాలను చంపే వైరస్‌లు: దారులు ఇవి. ఎంపాక్స్‌కు వాడుతున్న టీకాకు మూలమైన ఎంవీఏ స్ట్రెయిన్, కోడిపిండాల కణాల్లో 500కు పైగా సార్లు పెరిగి సుమారు 15 శాతం జీనోమ్ పోగొట్టుకున్న వ్యాక్సీనియానే. ఏ జన్యువు పోతే ఏమవుతుందో తెలిసినవారికి అలాంటిచోట పని ఉంటుంది. పీహెచ్‌డీ అయ్యాక కూడా కొన్నేళ్లు తాత్కాలిక పోస్టుల్లోనే గడపాల్సి రావచ్చు, అది ఇంట్లో ముందే చెప్పండి.

ఎమ్మెస్సీకి బయోఇన్ఫర్మాటిక్స్ పేపరు, ప్రాజెక్టు ఉన్న కోర్సు చూసుకోండి. ఈలోగా లినక్స్ కమాండ్ లైన్, పైథాన్ మొదలుపెట్టండి. ఇన్‌ఫ్లుయెంజా మీద పనిచేసే మంచి గైడ్ దొరికితే, పాక్స్ కాదని వదులుకోకండి. స్క్రిప్టులు, ట్రీలు కోడ్ పంచుకునే వెబ్‌సైట్ గిట్‌హబ్‌లో పెట్టి, దరఖాస్తుకు ఆ లింకు జతచేయండి.