50 దాటాక కనుబొమలకు పర్మనెంట్ మేకప్ చేయించుకోవచ్చా?

చేయించుకోవచ్చు, వయసు అడ్డు కాదు. చర్మం తీరు, వాడుతున్న మందులు చూసుకుని లేత రంగుతో మొదలుపెట్టాలి.

ఇది ఒక రకం పచ్చబొట్టే. సూదితో రంగును పైచర్మం కిందున్న పొరలోకి ఎక్కిస్తారు. వయసు పెరిగేకొద్దీ చర్మం పలచబడి, బిగువు తగ్గుతుంది. అందుకే వెంట్రుకల్లా సన్నగా గీసిన గీతలు అలుక్కుపోతుంటాయి. పౌడర్ అద్దినట్టు చుక్కలతో చేసే షేడింగ్ నయం. రక్తం పలచబడే మందులు వాడుతుంటే రక్తం ఎక్కువ కారి రంగు సరిగా పట్టదు. అలాగని డాక్టర్‌ను అడగకుండా ఆ మందులు ఆపడం ప్రమాదం, దయచేసి ఆ పని చేయకండి. షుగర్ అదుపులో లేకపోతే గాయం మానడం ఆలస్యమవుతుంది.

లేత రంగే ఎందుకంటే, ఉదాహరణకు, 45 ఏళ్లప్పుడు నల్లగా వేయించుకుని, టచప్‌లతో నిలుపుకుంటూ వచ్చిన కనుబొమ, 60కి జుట్టు నెరిశాక ముఖంలో అతకనట్టు కనిపిస్తుంది.

పర్మనెంట్ అంటే జీవితాంతం అలాగే ఉంటుందని చాలామంది అనుకుంటారు. సాధారణంగా 1 నుంచి 3 ఏళ్లలో వెలుస్తుంది, కానీ పూర్తిగా పోకుండా ఎర్రగానో బూడిదరంగులోనో మిగిలిపోవచ్చు. నచ్చకపోతే లేజర్‌తో తీసేయొచ్చన్న ధీమా కూడా వద్దు: ఐరన్ ఆక్సైడ్ కలిసిన రంగులు లేజర్ తగిలితే ఇంకా నల్లబడొచ్చు.