శ్రీపాద కొండ: ఎక్కుడు సరే, దిగుడు సంగతి ఆలోచించారా?

మీ ప్రశ్న చదివాను. నల్లగొండ నుంచి నలుగురు ఫ్రెండ్స్ శ్రీలంక టూరుకు పోతున్నారు, మధ్యలో ఒక శని, ఆదివారం శ్రీపాద కొండకు (ఇంగ్లీషులో ఆడమ్స్ పీక్) పెట్టుకున్నారు, ఒక్కరికీ ట్రెక్కింగ్ అలవాటు లేదు, ఎక్కగలమా అని అడిగారు. ఎక్కగలరు. మాది అచ్చంపేట. 2024 ఫిబ్రవరిలో మేమూ నలుగురమే పోయాం: నేను, డిగ్రీలో నాతో చదివిన దోస్తులు ఇద్దరు, మా బామ్మర్ది. నలుగురం కొండ మీదికి చేరాం. కానీ దిగేటప్పుడు నేనొక తప్పు చేశాను, అది ఇప్పటికీ గుర్తొస్తే మనసు బాగుండదు. మీరు అది చేయకూడదనే ఇంత పొడుగ్గా రాస్తున్నా.

ముందు కొండ సంగతి. ఎత్తు 2,243 మీటర్లు. నల్లతన్ని అనే ఊరి నుంచి ఎక్కే దారి దగ్గరి దారి, ఒకవైపు సుమారు ఏడు కిలోమీటర్లు, మెట్లు దాదాపు 5,500. (నల్ల అంటే మనకు నలుపు, తమిళంలో మంచి అని, నల్లతన్ని అంటే మంచినీళ్లు. అక్కడ టీ తోటల్లో పనిచేసేవాళ్లు ఎక్కువగా తమిళం వాళ్లే.) రత్నపుర వైపు నుంచి ఇంకో దారి ఉంది, అది చాలా పొడుగు, మొదటిసారి పోయేవాళ్లకు వద్దు. అలిపిరి మెట్లు 3,550 కదా, మీలో ఎవరైనా తిరుమలకు నడిచి పోయి ఉంటే దాన్నిబట్టి లెక్క వేసుకోండి. ఒక్క తేడా మాత్రం ఉంది, దాన్ని నేనైతే పోయేముందు ఆలోచించనే లేదు. తిరుమలకు నడిచి ఎక్కిన మనలో చాలామంది దిగేటప్పుడు బస్సులో దిగుతారు. శ్రీపాదకు బస్సు లేదు, జీపు లేదు, ఆటో లేదు. ఎక్కిన ప్రతి మెట్టూ మళ్లీ మీ మోకాళ్ల మీదే దిగాలి.

మాకు ధైర్యం ఎక్కడిదంటే సలేశ్వరం. చైత్ర పౌర్ణమికి నల్లమలలో జరిగే ఆ జాతరకు చిన్నప్పటి నుంచి పోతున్నాం, "వత్తన్నం వత్తన్నం లింగమయ్యో" అనుకుంటూ ఎర్రటి ఎండలో రాళ్ల మీద నడిచినవాళ్లం, మాకు ఈ సిమెంటు మెట్లు ఒక లెక్కా అనుకున్నాం. కానీ సలేశ్వరంలో లింగమయ్య లోయలో ఉంటాడు. కాళ్లు కొత్తగా ఉన్నప్పుడు దిగుతాం, అలసిపోయాక ఎక్కుతాం. అలసినప్పుడు ఎక్కితే ఆయాసం వస్తుంది, కాసేపు కూర్చుంటే పోతుంది. శ్రీపాదలో సరిగ్గా దీనికి తిరగవేసినట్టు ఉంటుంది. రాత్రంతా నిద్ర లేకుండా ఎక్కి, తొడలు వణుకుతున్నప్పుడు దిగుడు మొదలవుతుంది. దిగేటప్పుడు తొడ కండరం ఒకపక్క సాగుతూనే ఇంకోపక్క ఒంటి బరువును ఆపాలి, కండరాన్ని ఎక్కువ దెబ్బతీసేది ఆ పనే. అది అలసిపోతే బరువంతా మోకాలి మీద పడుతుంది. మెట్లు కూడా ఒక్క ఎత్తులో ఉండవు, ఒకటి జానెడు, ఇంకోటి మోకాలి దాకా.

మేము ఎక్కింది ఫిబ్రవరి 3, శనివారం రాత్రి. వీకెండ్ అని అలా పెట్టుకున్నాం. తెల్లారి 4వ తేదీ ఆదివారం, శ్రీలంక స్వాతంత్ర్య దినం. మాకు ఆ సోయి లేదు. మనకు వీకెండ్ అయితే వాళ్లకూ వీకెండే కదా, పైగా యాత్ర సీజన్. ముసలివాళ్లు, చంటిపిల్లల్ని భుజాన వేసుకున్న తల్లులు, ఊళ్లకు ఊళ్లు కదిలొచ్చినట్టు జనం. రాత్రి పన్నెండింటికి మొదలుపెట్టాం, మామూలుగా మూడు, నాలుగు గంటల్లో అయిపోయే ఎక్కుడు మాకు ఆరు గంటలు దాటింది. చివర ఇనుప కమ్మీలు పట్టుకొని ఎక్కే చోట లైను అసలు కదల్లేదు. చెమటతో తడిసిన బట్టలతో ఆ చలిగాలిలో నిలబడ్డాం. మీరు టూరిస్టులు, మీకు శనివారమే కావాలని ఏముంది, ఆదివారం రాత్రో సోమవారం రాత్రో ఎక్కండి. పౌర్ణమి రోజులు కూడా వద్దు, అక్కడ ప్రతి పౌర్ణమికీ సెలవే. సీజన్ డిసెంబరు పౌర్ణమి నుంచి మేలో బుద్ధ పౌర్ణమి వరకు. ఆ నెలల్లో దారి పొడుగునా లైట్లు వెలుగుతాయి, టీ కొట్లు ఉంటాయి. మిగతా నెలల్లో వాన, ఈదురుగాలి, చీకటి. కొత్తవాళ్లు అప్పుడు పోనే వద్దు.

పైన చూసింది చెప్పకుండా ఉండలేను. కొండ కొన మీద గుడిలో ఒక పాదముద్ర ఉంది. అది బౌద్ధులకు బుద్ధుడిది, హిందువులకు శివుడిది, ముస్లింలకు ఆదాముది, అందరూ ఒకే మెట్ల మీద వస్తారు. దిగేవాళ్లు ఎక్కేవాళ్లకు "కరుణావై" (మీ మీద కరుణ ఉండాలి అన్నట్టు) అని చెప్పుకుంటూ పోతారు, మాకు లింగమయ్య కేకలు గుర్తొచ్చాయి. గుడి దగ్గర బూట్లు విప్పాలి, ఆ బండ ఐసుగడ్డలా ఉంటుంది. గంట ఒకటుంది, ఎన్నిసార్లు కొండ ఎక్కితే అన్నిసార్లు కొట్టాలి. మేము ఒక్కసారి కొట్టాం, మా పక్కన ఒక తాత ఎన్నిసార్లు కొట్టాడో లెక్క తప్పాం. సూర్యుడు లేచాక అందరూ తూర్పు చూస్తుంటే మీరు పడమటి వైపుకు పోండి. కొండ నీడ ముక్కోణంగా, గీత గీసినట్టు, పొగమంచు మీద చాలా దూరం పడి ఉంటుంది. కొద్దిసేపే ఉంటుంది.

ఇక నా తప్పు. హట్టన్ స్టేషన్‌లో మధ్యాహ్నం రైలుకు ముందే టికెట్లు తీసుకున్నాం. నల్లతన్ని నుంచి హట్టన్‌కు బస్సులో గంటన్నరకు తక్కువ పట్టదు. ఎక్కుడు ఆలస్యమైంది కాబట్టి దిగుడు తొందర. ఒక గంట దిగామో లేదో మా బామ్మర్ది కుడి మోకాలు పట్టుకొని నిలబడ్డాడు. నేను వెనక్కి తిరిగితే, "బావా, మీరు పోయి బ్యాగులు సర్దుండ్రి, నేను నిమ్మళంగ వస్త" అన్నాడు. వాడి మొహం చూస్తే నొప్పి ఎంతుందో తెలుస్తూనే ఉంది. అయినా రైలు టెన్షన్‌లో "సరే, జాగ్రత్త" అని దిగిపోయాను. లోకల్ సిమ్ నా ఒక్కడి ఫోన్‌లోనే ఉంది, వాడి ఫోన్ ఉత్త కెమెరా కింద లెక్క. డబ్బుల సంచీ నా దగ్గరే, నీళ్ల సీసాలు మా దోస్తు బ్యాగులో. ఇవేవీ ఆ నిమిషం నాకు తట్టలేదు.

పదింటికి లాడ్జికి చేరాం. పదకొండు అయింది, రాలేదు. పన్నెండు అయింది, రాలేదు. ఊళ్లో మా ఆవిడ "తమ్ముడు జాగ్రత్త" అని అన్నమాట ఒకటే చెవిలో మోగుతోంది. దోస్తులను కింద ఉంచి మళ్లీ పైకి బయల్దేరాను. ఎదురొచ్చిన ప్రతివాళ్లనూ చేతులు ఊపుతూ అడగడమే, ఒక్కరికీ నా భాష రాదు. గంటకు పైగా ఎక్కాక ఒక టీ కొట్టులో కనిపించాడు. ప్లాస్టిక్ కుర్చీలో కూర్చొని, ఇంకో కుర్చీ మీద కాలు చాపి, మోకాలికి తడిగుడ్డ చుట్టి ఉంది. చేతిలో పాలు లేని టీ. ఆ కొట్టు ముసలమ్మ తమిళావిడ, వాడి దగ్గర పైసా లేదని తెలిసి కూడా టీ, బిస్కెట్లు ఇచ్చి, లేవబోతే భుజం పట్టి కూర్చోబెట్టిందట. వాడు నన్ను చూసి ఏమీ అనలేదు. "రైలు పోయిందా బావా" అని మాత్రం అడిగాడు. నాకు మాట రాలేదు.

ఎట్లా దిగాలో నేర్పింది కూడా ఆ ముసలమ్మే. మెట్టుకు ఎదురుగా కాదు, పక్కకు తిరిగి, నొప్పి ఉన్న కాలు ముందు కిందికి పెట్టి, తర్వాత మంచి కాలు అదే మెట్టు మీదికి తేవాలి. రెండు కాళ్లూ ఒక మెట్టు మీద కలిశాకే ఇంకో మెట్టు. ఒక కర్ర ఇచ్చింది, "మెదువా, మెదువా" అంటూనే ఉంది, మెల్లగా అని. డబ్బులిస్తే టీకి ఎంతో అంతే తీసుకుంది. మూడు దాటాక కిందికి చేరాం. రైలు ఎప్పుడో పోయింది, రాత్రికి కొలంబో బస్సు దొరికింది. మర్నాడు విమానం లేదు కాబట్టి బతికిపోయాం.

కాబట్టి మీ నలుగురికి నేను చెప్పేది ఇదే. దిగేటప్పుడు అందరికంటే మెల్లగా నడిచేవాణ్ణి ముందు పెట్టండి, మిగతావాళ్లు వాడి వెనకాలే. వాడే "మీరు పోండి" అన్నా పోవద్దు. అలసిపోయిన మనిషి దోస్తులకు భారం కావద్దని ఆ మాట అంటాడు, దాన్ని మనం ఒప్పుకోలు అనుకుంటాం. దిగిన రోజు రైలు, విమానం ఏదీ పెట్టుకోవద్దు, ఆ రాత్రి నల్లతన్నిలోనే పడుకోండి. సిమ్ నలుగురికీ నాలుగు తీసుకోండి. ఎవరి నీళ్లు, కొంచెం డబ్బు, పాస్‌పోర్టు జిరాక్సు, లాడ్జి పేరు రాసిన చీటీ ఎవరి జేబులో వాళ్లకు ఉండాలి. అక్కడ అంబులెన్స్ నంబరు 1990, మన 108 లాంటిది, మన దేశం సాయంతో 2016లో మొదలైంది, ఫ్రీ. కానీ బండి మెట్ల దాకా రాదు, కిందికి మనమే చేర్చాలి. ట్రావెల్ ఇన్సూరెన్స్‌లో ట్రెక్కింగ్ కవర్ అవుతుందా లేదా తీసుకునేముందే అడగండి.

పోయేముందు ఒక నెల టైమ్ ఉంటే ప్రతి ఆదివారం భువనగిరి ఖిల్లా ఎక్కండి, దేవరకొండ దగ్గరైతే దేవరకొండ ఖిల్లా. ఒక్కసారి ఎక్కి ఫొటోలు దిగి రావడం కాదు, వెంటవెంటనే రెండు, మూడు సార్లు ఎక్కి దిగాలి, దిగేటప్పుడు కాళ్లు ఎట్లా ఉన్నాయో చూసుకోవాలి. మీలో ఎవరికి మోకాలు ఇబ్బంది పెడుతుందో అక్కడే తెలిసిపోతుంది. మడమ, వేళ్లు ఒరుసుకోని పాత బూట్లే వేసుకోండి, టూరు కోసం కొత్తవి కొనొద్దు. తినడానికి పల్లిపట్టీలు, వేయించిన పల్లీలు పట్టుకుపోండి, మాకు రాత్రంతా అవే ఆదుకున్నాయి. ఎక్కేటప్పుడు పలచటి బట్టలు, పైకి చేరాక మార్చుకోవడానికి పొడి బనియన్, గాలి ఆపే జాకెట్. కర్ర లేదా ట్రెక్కింగ్ పోల్ ఇక్కడి నుంచే తీసుకుపోతే మంచిది.

సిగిరియా రాతికోట కూడా మీ ప్లాన్‌లో ఉంటే దాన్ని శ్రీపాద కంటే ముందు పెట్టండి. అక్కడా సుమారు 1,200 మెట్లు. శ్రీపాద దిగాక నొప్పులు మర్నాడు, మూడోనాడు ఇంకా పెరుగుతాయి, మేము హోటల్లో మంచం మీద నుంచి లేవడానికి గోడ పట్టుకున్నాం.

బామ్మర్ది మోకాలు రెండు వారాల్లో సర్దుకుంది. మొన్న చైత్రంలో సలేశ్వరం పోయాం, వాణ్ణి ముందు నడవమన్నాను. లోయ నుంచి పైకి ఎక్కేదాకా నేను వాడి వెనకే ఉన్నా. మీరు ఏ నెలలో పోతున్నారో చెప్పండి, హట్టన్ నుంచి బస్సులు, లాడ్జి సంగతి తెలిసినంతవరకు చెప్తాను.